ఖడ్గమృగాలు: కొమ్ము కోయడంతో ఆగొద్దు
దక్షిణాఫ్రికాలో కొమ్ముల కోసం సాగే ఖడ్గమృగాల వేట తగ్గిందని నిఘా సడలించడం ప్రమాదకరం. 2023లో 499, 2024లో 420 జంతువులను చంపారు. ఇది ఊరట కలిగించే లెక్క కాదు. మత్తిచ్చి, ఎదిగే మొదలును వదిలి కొమ్ము కోసే పద్ధతి క్రూగర్ జాతీయ పార్కు పరిసరాల్లో వేటను బాగా తగ్గించిన మాట నిజమే. కానీ కొమ్ము గోరులా మళ్లీ పెరుగుతుంది, మిగిలిన ఆ మొదలు కోసమైనా చంపేస్తున్నారు. కాబట్టి ఏడాదిన్నర, రెండేళ్లకోసారి మళ్లీ కోయాల్సిందే. ఆ ఖర్చును బడ్జెట్‌లో ముందే కేటాయించాలి. వేటగాళ్లకు జంతువుల జాడ చెప్పేది కొన్నిసార్లు పార్కుల లోపలి సిబ్బందే కావడం మరీ బాధాకరం. వారికి పాలిగ్రాఫ్ (అబద్ధాన్ని పసిగట్టే) పరీక్షలు, బ్యాంకు ఖాతాల తనిఖీ తప్పనిసరి చేయాలి. తుపాకీ పట్టిన కిరాయి మనిషితో సరిపెట్టుకోకుండా, వియత్నాం, చైనాలకు కొమ్ములు చేరవేసే దళారుల డబ్బు ఎటు పోతోందో ఆరా తీసి వాళ్ల ఆస్తులు జప్తు చేయాలి.