అనంతగిరి ఘాట్‌లో మా పాత వ్యాన్‌ని ఆదుకున్నవాళ్లకు

విశాఖ నుంచి అరకు వెళ్లే దారిలో, అనంతగిరి ఘాట్‌లో టీ దుకాణం దగ్గర సాయం చేసినవాళ్లకీ, శృంగవరపుకోటలో రేడియేటర్ బాగుచేసిన అన్నకీ కృతజ్ఞతలు. పేరుపేరునా చెప్పాలనే ఉంది కానీ, పేర్లు రాయొద్దన్నారు.

మాది పాత డీజిల్ వ్యాన్. వెనక సీట్లు పీకించి మంచం, స్టవ్, నీళ్ల ట్యాంకు పెట్టించుకున్నాం. విశాఖ నుంచి శృంగవరపుకోట (మా నోట కోటే) దాకా టెంపరేచర్ మీటరు సగం దాటదు. టైడ దాటి ఘాట్ ఎక్కుతుంటే మాత్రం ముల్లు ఎర్రగీత వైపు లేస్తుంది. సిటీలో ఒక గ్యారేజీవాళ్లు చూసీ చూడగానే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు) పోయింది, హెడ్ దించాలి అని తేల్చేశారు. వాళ్లు చెప్పిన ఖర్చు వింటే బండి అమ్మేయడమే నయమనిపించింది.

ఆ రోజు ఘాట్‌లో బండి ఆపి బానెట్ ఎత్తగానే మా బావమరిది తడిగుడ్డతో రేడియేటర్ మూత తిప్పబోయాడు. టీ తాగుతున్న ఒక పెద్దాయన గబగబా వచ్చి చెయ్యి పట్టుకున్నారు. "ముట్టకు బాబూ, మొహం కాలిపోతాది!" ఆయన పాత లారీ డ్రైవరట. ఆ మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టే నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచే మూత అయితే మామూలు నీళ్లు కూడా సుమారు 119 డిగ్రీల దాకా ఆగుతాయి. మూత తీశామా, ఒత్తిడి పోయి అంతా ఒక్కసారిగా మరిగి మీదకి చిమ్ముతుంది. బాబాయ్, ఆ చెయ్యి పట్టుకున్నందుకు మా ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉన్నాం.

తర్వాత ఆయన పానా అడగలేదు, ప్రశ్నలే వేశారు. "హైవేలో కాగుతాదా, ఘాట్‌లోనేనా? ఏసీ వేస్తే ఎక్కువవుతాదా? నీళ్లు తగ్గుతున్నాయా?" హైవేలో బాగుండి, రెండో గేరులో నెమ్మదిగా ఎక్కేటప్పుడే కాగుతోందంటే ముందు గాలి సంగతి చూడాలన్నారు. స్పీడులో ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఘాట్‌లో భారమంతా ఫ్యాను మీదే. మా బండిది విస్కస్ ఫ్యాను. ఇంజన్ కాగినప్పుడు దాని హబ్‌లోని (ఫ్యాను నడిమి భాగంలోని) సిలికాన్ ఆయిల్ పట్టు బిగించి ఫ్యాన్‌ని గట్టిగా తిప్పాలి, హోరు వినపడాలి. మాకు ఆ హోరే లేదు. ఇంజన్ ఆపించి, తాళం తన జేబులో వేసుకుని, రెక్కని వేలితో తోశారు. గిర్రున తిరిగింది. అంత వేడి మీద అలా తిరగకూడదు, చేతికి బిగువు తగలాలి.

చల్లారాక కూలెంట్ చూసి, నింపి, నెమ్మదిగా కోటకి దింపించారు.

అక్కడ అన్న రేడియేటర్ విప్పితే, దాని ముందుండే ఏసీ కండెన్సర్‌కీ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీకి) దానికీ మధ్య ఊక, దుమ్ము, పురుగులు కలిసి దుప్పటిలా పేరుకున్నాయి. ముందు నుంచి చూస్తే ఏమీ కనపడదు. నీళ్లు జోరుగా కొట్టే సర్వీసింగ్ గన్‌తో కొడితే రేడియేటర్ సన్నటి ఫిన్నులు (రేకులు) వంగిపోతాయని, ఇంజన్ వైపు నుంచి మామూలు పైపుతోనే ఓపిగ్గా కడిగారు. లోపలి గొట్టాల్లో తెల్లటి సున్నం. మాకు బండి అమ్మినాయన ఏళ్ల తరబడి బోరునీళ్లు పోసిన ఫలం!

గాస్కెట్ అనుమానం కూడా తీర్చారు. అది పోతే ఇంజన్ గ్యాసు నీళ్లలోకీ, నీళ్లు ఆయిల్‌లోకీ పొగలోకీ చేరతాయి. మర్నాడు పొద్దున్నే చల్లటి ఇంజన్‌కి మూత తీసి స్టార్ట్ చేయిస్తే నీళ్లలో బుడగలు రాలేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మజ్జిగ రంగుకి తిరగలేదు. తెల్లపొగ కూడా లేదు. ఇక హెడ్ జోలికే పోలేదు. థర్మోస్టాట్‌ని (ఇంజన్ వేడెక్కాకే తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వుని) మా స్టవ్ మీదే గిన్నెలో నీళ్లు కాచి పరీక్షించారు, శుభ్రంగా తెరుచుకుంది. మన ఎండలకి అదెందుకని పీకి పారేసే మెకానిక్కులు చాలామంది ఉన్నారు. అది లేకపోతే ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. అన్న దాన్ని మళ్లీ దాని చోటే బిగించారు.

విశాఖ నుంచి బస్సులో తెప్పించిన కొత్త ఫ్యాన్ హబ్, డిస్టిల్డ్ వాటర్‌లో సగానికి సగం కలిపిన కూలెంట్... అంతే పని. గ్యారేజీ చెప్పినదాంట్లో పావు వంతు కూడా కాలేదు. మొన్న గాలికొండ వ్యూ పాయింట్ దాకా ఏసీ వేసుకునే ఎక్కాం. ముల్లు సగం దగ్గరే నిలబడింది.

రాత్రి బండి తన దుకాణం పక్కనే పెట్టుకోనిచ్చి, పిల్లలకి వేడివేడి ఉప్మా చేసి పెట్టిన టీకొట్టు అక్కకి కూడా దండాలు.

అన్నా, రేడియేటర్ కింది హోస్ (రబ్బరు గొట్టం) మెత్తబడింది, మార్చుకోమన్నారు కదా. కొత్తది కొన్నాం. బిగించడానికి కోటకే వస్తున్నాం.