యువ డిఫెన్స్‌మన్‌ల విషయంలో తొందర తగదు

సంపాదక మహాశయులకు,

ఉత్తర అమెరికా ఐస్ హాకీ పోటీ అయిన నేషనల్ హాకీ లీగ్‌లో మాంట్రియల్ కెనడియన్స్ జట్టు తన యువ డిఫెన్స్‌మన్‌లకు (వెనక నిలిచి ప్రత్యర్థి దాడిని అడ్డుకునే ఆటగాళ్లకు) చోటు కల్పించే తీరు గురించి ఈ లేఖ రాస్తున్నాను. 2022 డ్రాఫ్టులో (లీగ్ జట్లు యువ ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే ప్రక్రియలో) 62వ స్థానంలో ఎంపికైన లేన్ హట్సన్, బోస్టన్ విశ్వవిద్యాలయంలో రెండు సీజన్లు ఆడి వచ్చి, 2024-25లో మొత్తం 82 మ్యాచ్‌లలో బరిలోకి దిగి, 60 అసిస్టులతో (సహచరుల గోల్స్‌కు అందించిన పాస్‌లతో) లారీ మర్ఫీ పేరిట 1980-81 నుంచి ఉన్న తొలి సీజన్ డిఫెన్స్‌మన్‌ల రికార్డును సమం చేసి, ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ అందుకున్నాడు. దీన్ని చూసి, ప్రతి కుర్రవాడూ ఇలాగే నేరుగా నిలదొక్కుకుంటాడని అభిమానులు ఆశించడం నాకు ఆందోళన కలిగిస్తోంది.

మ్యాచ్‌లో సాధారణంగా ఆరుగురు డిఫెన్స్‌మన్‌లే మూడు జంటలుగా ఆడతారు. ఏడోవాడు బరిలోకి దిగకుండా పైన గ్యాలరీలో కూర్చుని చూడవలసిందే. ముందుండి దాడి చేసే ఫార్వర్డ్ పొరపాటును సరిదిద్దడానికి వెనక ఇద్దరుంటారు గానీ, డిఫెన్స్‌మన్ తప్పటడుగు వేస్తే వెనక గోలీ (గోల్‌కీపర్) ఒక్కడే మిగులుతాడు. అందువల్ల అనుభవజ్ఞుడి పక్కన, వీలైతే ఒకరు ఎడమ చేతివాటం, మరొకరు కుడి చేతివాటం అయ్యేలా జత కుదర్చడం కోచ్‌కు అత్యంత కీలకమైన పని.

2023 డ్రాఫ్టులో 5వ స్థానంలో కెనడియన్స్‌కు ఎంపికైన డిఫెన్స్‌మన్ డేవిడ్ రైన్‌బాకర్‌కు మరుసటి సంవత్సరం సీజన్‌కు ముందే మోకాలికి గాయమైంది. కోలుకున్నాక అతణ్ణి కింది స్థాయి లీగ్‌లోని అనుబంధ జట్టైన లావాల్ రాకెట్‌లో ఆడించడం సరైన నిర్ణయమని నా దృఢాభిప్రాయం. పెద్ద జట్టులో బెంచీకే పరిమితం కావడం కంటే అక్కడ ప్రతి రాత్రీ ఎక్కువసేపు మంచు మీద ఉండడమే అతనికి మేలు.

భవదీయుడు,
ఒక పాఠకుడు