మార్చి బుకింగులు మార్చుకోక తప్పట్లేదు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మన అనంతపురంలో అది పోతూ పోతూ ఇంటి తాళాలు ఎండ చేతికిచ్చి మరీ పోతుంది. గుత్తి వైపు మేం రాక్ క్లైంబింగ్ చేయించే పెద్ద బండ మీద పోయిన ఆదివారం అదే జరిగింది. అందుకే మార్చికి బుక్ చేసుకున్నవాళ్లందరికీ ఈ కబురు.

తప్పు నాదే. తెల్లారగానే మొదలుపెట్టాల్సిన బ్యాచ్‌ని, ఒక కారు రావడం ఆలస్యమైందని మొహమాటపడి ఎనిమిదిన్నర దాకా ఆపాను. ఆ రూట్ కష్టమైనదేం కాదు. నాలుగు పిచ్‌లు, అంటే ఒక్కో తాడు పొడవులో ఎక్కే అంచెలు, చాలావరకు వెనక్కి వాలిన బండే, ఒకటి రెండుసార్లు తాడు కట్టినవాళ్లు హాయిగా ఎక్కేస్తారు. కానీ ఒకరి వెనక ఒకరు రావాలి కదా, పిచ్‌కి ముప్పావు గంట ఎటూ పోదు. మూడో పిచ్ మీదికి చేరేసరికి పదకొండు కావొచ్చింది. పొద్దున కుండలా చల్లగా ఉన్న రాయి మీద అరచెయ్యి ఆనించి పది అంకెలు లెక్కపెట్టలేకపోయాను.

ఇలాంటి బండ మీద వేళ్లతో పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. షూ రబ్బరు రాతిని పట్టాలి, అంతే. చల్లటి గ్రానైట్ మీద బల్లిలా పట్టుకుంటుంది. కాలిన రాయి మీద మెత్తబడి జారుతుంది. ఒకాయన పాదం పెట్టిన ప్రతిసారీ రెండు అంగుళాలు కిందికి జారడం పైనుంచి చూస్తూనే ఉన్నాను. తాడు బిగువుగానే ఉంది, ప్రమాదమేం లేదు, కానీ ఆయన మొహంలో టెన్షన్ చూశాక ఇంక పైకి వద్దనుకుని అక్కడినుంచే అందరినీ తాళ్ల మీద దించేశాం. సగం డబ్బు వెనక్కిచ్చాను. వద్దన్నారు, అయినా ఇచ్చాను.

ఇప్పట్నుంచి పెద్ద రూట్‌కి రోజుకి ఒకటే బ్యాచ్, ముగ్గురే. ఆరింటికల్లా కొండ కింద ఉండాలి, ఆరున్నరకి వెలుగు రాగానే మొదటి పిచ్. పదింటికి ఎవరు ఎక్కడున్నా దిగడమే. ఆలస్యమైతే ఆగం, చిన్న గుండ్ల మీద ప్రాక్టీస్ చేయించి పంపిస్తాం. సాయంత్రం ఎక్కించమని అడుగుతున్నారు. మధ్యాహ్నానికల్లా నీడ పడినా, పొద్దంతా తాగిన వేడిని రాయి అంత తొందరగా వదలదు. పైగా చీకట్లో దిగాల్సి వస్తుంది. అది నాకు ఇష్టం లేదు.

ఎడమ పక్క రూట్ మాత్రం పూర్తిగా మూసేశాం. రెండో పిచ్ పైనున్న చూరు కింద పెద్ద తేనెతుట్టె పట్టింది. దూరం నుంచి బైనాక్యులర్‌లో చూస్తే నల్లటి చాట వేలాడదీసినట్టుంది. ఒక గద్ద దాటిపోగానే తుట్టె మీద ఈ కొస నుంచి ఆ కొసకి అల పాకింది. అది ఆ ఈగల హెచ్చరిక. నేల మీదుంటే పరుగెత్తొచ్చు, తాడుకి కట్టుకున్నవాడు ఎక్కడికి పరుగెత్తాలి? పొగ పెట్టి లేపేద్దామని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. కొండంతా ఎండు బోద, నిప్పురవ్వ చాలు. వాటంతట అవి వెళ్లేదాకా ఆగుదాం.

గుత్తి కోట కిందున్న బండలు ఎందుకు వద్దంటారని మళ్లీ అడిగారు. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు, అక్కడ తాడు తగిలించడానికి రాతిలో బోల్టు కొట్టే ప్రసక్తే లేదు. గండికోట లోయ అందంగానే ఉంటుంది, కాదనను. కానీ అక్కడిది పొరలు పొరలుగా పేర్చినట్టుండే క్వార్ట్‌జైట్ రాయి, ఊడొచ్చే దిమ్మలెక్కువ. అలాగని మన గ్రానైట్‌నీ గుడ్డిగా నమ్మక్కర్లేదు. నాలుగో పిచ్‌లో ఒక పలకని వేలి కణుపుతో తడితే ఖాళీ డబ్బాలా మోగింది. దాని చుట్టూ సుద్దతో గీత గీశాం, దాన్ని ముట్టుకోకుండా కుడి పక్కనుంచి రండి.

ఉగాది సెలవులకి పెద్ద రూట్ బుక్ చేసుకున్నవాళ్లకి మొత్తం డబ్బు తిరిగి ఇచ్చేస్తున్నాం. కార్తీకం తర్వాతకి మార్చుకుంటామన్నా సరే, ఇదే ధర. ఈ నెల నష్టమే, అద్దె ఎలా కట్టాలో చూసుకుంటాం.

వచ్చేవాళ్లు మనిషికి మూడు లీటర్ల నీళ్లు, పొడుగు చేతుల చొక్కా తెచ్చుకోండి. తేనెటీగలున్నాయి కదా, సెంటు కొట్టుకుని రావద్దు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ మామూలే, కిందికి దిగాకే పెడతాం.