మాస్టారికి ఏ మాట రాయాలి

ఒరేయ్ బ్రహ్మం,

నీ మెసేజ్ చూశాను. మన తెలుగు మాస్టారికి పాత విద్యార్థులంతా కలిసి సన్మానం చేస్తున్నారని, సన్మానపత్రం రాసే పని నీ మీద పడిందని తెలిసి ఎంత సంతోషం వేసిందో. "మహా పండితుడు అనాలా, విద్వాంసుడు అనాలా, మేధావి అంటే ఇంకా గొప్పగా ఉంటుందా, ఎలాగూ అన్నీ ఒకటే కదా" అన్నావు చూడు, అక్కడే ఆగిపోయాను. ఒకటి కాదురా. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని కూర్చుని రాస్తున్నా.

నిజానికి పాత సంస్కృత నిఘంటువు అమరకోశం తీస్తే నువ్వన్నట్టే కనిపిస్తుంది. రెండో కాండలో బ్రహ్మవర్గంలో "విద్వాన్ విపశ్చిత్ దోషజ్ఞః" అని మొదలుపెట్టి చదువుకున్నవాడికి ఇరవైకి పైగా మాటలు వరసగా పేర్చేశాడు అమరసింహుడు. కోవిదుడు, బుధుడు, ప్రాజ్ఞుడు, పండితుడు, సూరి, ఆఖరికి కవి కూడా అందులోనే ఉన్నాడు. నాకు వాటిలో బాగా ఇష్టమైన మాట దోషజ్ఞుడు, అంటే తప్పు ఎక్కడుందో తెలిసినవాడు. మాస్టారు మన కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుతుంటే ఎర్ర సిరా పెన్ను ఒక్కోచోట ఆగేది కదా, మనకేమో అక్కడ తప్పేమీ కనపడేది కాదు, ఆయనకు కనపడేది. ఆ మాట ఆయన కోసమే పుట్టిందనిపిస్తుంది, కానీ పత్రంలో రాస్తే జనం ఇంకోలా అర్థం చేసుకుంటారు, వద్దులే.

నిఘంటువులో ఒకే వరసలో కూర్చున్న మాటలు మన నోట్లోకి వచ్చేసరికి తలో దారి పట్టాయి. పండ అంటే మంచీ చెడూ విడదీసి చూసే బుద్ధి, అది ఉన్నవాడు పండితుడు. కానీ మన బళ్లలో ఏమైందో చూడు. తెలుగు పండిట్ ఉన్నాడు, హిందీ పండిట్ ఉన్నాడు, లెక్కల పండిట్ మాత్రం లేడు. ఆ మాట భాషకు, పాత గ్రంథాలకు కట్టుబడిపోయింది. పండితులు అన్న మాటే నలిగి నలిగి పంతులు అయింది, మళ్లీ ఆ పంతులే ఒకచోట బడిలో పాఠం చెప్పేవాడు, ఇంకోచోట గుళ్లో పూజ చేసేవాడు. బతకలేక బడిపంతులు అని సామెత కూడా పుట్టించారు, ఆ సామెత వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

విద్వాంసుడు అలా కాదు. విద్ అంటే తెలుసుకోవడం, అక్కడికి పండితుడికీ ఇతనికీ తేడా లేదు, కానీ ఇప్పుడు విద్వాంసుడు అనగానే మనకు వీణో మృదంగమో గుర్తొస్తుంది. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారిని నాదస్వర విద్వాంసులు అంటాం కానీ నాదస్వర పండితులు అనం. తెలిసింది మనసులో ఉంటే చాలదు, నలుగురి ముందు కూర్చుని పలికించి చూపించాలి, అప్పుడే ఆ మాట. హిందుస్తానీ వాళ్లు మళ్లీ అదే పనికి పండిట్ అంటారు, అది వాళ్ల అలవాటు.

ఇక మేధావి. దయచేసి ఆ మాట రాయకు. పాతకాలంలో మేధ అంటే విన్నది పట్టి నిలుపుకునే శక్తి, అమరకోశం కూడా ధారణ ఉన్న బుద్ధినే మేధ అంటుంది. ఆ లెక్కన మాస్టారు మేధావే, వందల పద్యాలు పుస్తకం చూడకుండా చెప్పేవారు. కానీ ఇవాళ మేధావి అంటే టీవీ చర్చలో కూర్చుని అన్నిటి మీదా అభిప్రాయం చెప్పే పెద్దమనిషి అయిపోయాడు.

ఇంత రాయడానికి అసలు కారణం వేరే ఉంది. నీ మెసేజ్ చివర్లో "మా నాన్న ఏమీ చదువుకోనివాడు, ఇవన్నీ ఇంట్లో అడుగుదామన్నా ఎవరూ లేరు" అని రాశావు. అది చదివి నాకు బాధేసింది, వడ్రంగంలో అంత నేర్పున్న మనిషిని అలా అంటావా? నేర్పుకు మనవాళ్లు పెట్టిన మాటలు ఒక్కసారి విప్పి చూడు. కుశలుడు అంటే చెయ్యి తెగకుండా దర్భ కొయ్యడం వచ్చినవాడని చెబుతారు. ప్రవీణుడు వీణ వాయించడం బాగా వచ్చినవాడు. మాస్టారి భాషాప్రవీణ పట్టాలో కూడా ఆ వీణ ఉంది, గమనించావా? నిష్ణాతుడు అంటే బాగా మునిగి స్నానం చేసినవాడు, పారంగతుడు అవతలి ఒడ్డుకు చేరినవాడు. ఒక్క మాటలోనైనా పుస్తకం ఉందేమో చూడు. అన్నీ చేతులూ నీళ్లూ తీగలే.

అన్నిటికన్నా నీకు చెప్పాల్సింది ఒజ్జ గురించి. ఉపాధ్యాయుడు అన్న మాట ప్రాకృతంలో ఉవజ్ఝాయ అయి, తెలుగులోకి వచ్చేసరికి ఒజ్జ అయింది. ఉత్తరాదిన ఓఝా, ఝా అయింది. మీ ఇంటిపేరు చివర ఉన్న ఓజు కూడా ఆ ఒజ్జేనని భాష చదివినవాళ్లు చెబుతారు. అంటే గురువు అని అర్థం. బేలూరు చెన్నకేశవ గుడిలో బొమ్మ చెక్కిన శిల్పి దాని కింద దాసోజ అని తన పేరు చెక్కుకున్నాడు, ఆయన పేరులో ఉన్నదీ అదే. ఊరంతా మీ నాన్నగారిని ఆచారీ అని పిలుస్తుంది కదా, యూనివర్సిటీలో ప్రొఫెసర్‌ని ఆచార్య అంటారు. రెండూ ఒకే మాట. మా ఇంటి ద్వారబంధం చేసేటప్పుడు మీ నాన్నగారు మానును చేత్తో తడిమి, ఇది ఇంకో ఏడాది ఎండాలి అని పక్కన పెట్టించారు, మా నాన్న తొందరపడినా ఒప్పుకోలేదు. ఆ గుమ్మం ఇవాళ్టికీ ఒక్క వానాకాలం బిగుసుకోలేదు. మంచీ చెడూ విడదీసే బుద్ధి అన్నాను చూడు, అది ఇది కాదా? పోతన తన భాగవతంలో తనను తాను సహజపాండిత్యుడు అని చెప్పుకున్నాడు. మీ నాన్నగారి గురించి తలచుకున్నప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఇంకెప్పుడూ ఏమీ చదువుకోనివాడు అని రాయకురా.

పత్రం విషయానికొస్తే, పేరు పక్కన భాషాప్రవీణ అని పెట్టు, అది ఆయన కష్టపడి సంపాదించుకున్న మాట. లోపల పండితులు అని ఒక్కసారి చాలు. మిగతా అంతా మాస్టారు అనే రాయి, మనం ఆయన్ని పిలిచింది అలాగే కదా. రాసిన ప్రతి నాకు పంపు, అచ్చుతప్పులు చూస్తా, ఆయన చేతిలో పెట్టే కాగితంలో ఒత్తు పోతే నాకు నిద్ర పట్టదు.

ఫ్రేము టేకుతో మీ నాన్నగారే చేస్తున్నారన్నావు. కింది చెక్క మీద, చిన్న అక్షరాలతో అయినా సరే, ఆయన పేరు కూడా చెక్కమను. మొహమాటపడి వద్దంటారు, దాసోజ సంగతి చెప్పి ఒప్పించు.

నీ
సుబ్బు