పాత కంప్యూటర్లు విప్పి చూపించండి

హైస్కూళ్లలో కంప్యూటర్ పాఠం చాలాచోట్ల పూర్తి పేర్లు బట్టీ పట్టించడంతోనే సరిపోతోంది. మా ఊళ్లో తొమ్మిదో తరగతి పిల్లలు ‘ర్యామ్ అంటే ర్యాండమ్ యాక్సెస్ మెమరీ’ అని గడగడా చెబుతారు. కరెంటు పోతే సేవ్ చేయని ఫైలు ఎందుకు పోతుందని అడిగితే మాత్రం నోరు మెదపరు. ర్యామ్‌లో ఉన్నది కరెంటు ఉన్నంతసేపే నిలుస్తుందని, హార్డ్ డిస్క్‌లోకి చేరిందే మిగులుతుందని ఒక్కసారి చేసి చూపిస్తే జన్మలో మరిచిపోరు. పెద్దల్లోనూ టేబుల్ కింది డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనుకునేవాళ్లు ఎందరో. అసలు సీపీయూ అంటే కంప్యూటర్ చేసే లెక్కలన్నీ చూసుకునే చిన్న చిప్; భాగాలన్నీ అమర్చే మదర్‌బోర్డు అనే పలక మీద, ఫ్యాన్ కింద దాగి ఉంటుంది. ఫోన్ పెట్టె మీద 8 జీబీ, 128 జీబీ అని రాసి ఉంటే ఏది ర్యామో, ఏది ఫైళ్లు దాచుకునే స్టోరేజో తెలియక దుకాణదారు మాటే నమ్మి కొంటున్నారు. ప్రభుత్వ కార్యాలయాల్లో మూలనపడ్డ కంప్యూటర్లలో డేటా పూర్తిగా తుడిచేసి, బడికొకటి చొప్పున ఇప్పించాలి. ప్లగ్గు తీసేశాక, పవర్ సప్లై డబ్బా జోలికి పోకుండా, మిగతా భాగాలన్నీ టీచర్ దగ్గరుండి పిల్లల చేతనే విప్పించాలి. భాగాలు గుర్తుపట్టి వాటి పని చెప్పడానికి పరీక్షల్లో మార్కులు కేటాయించాలని విద్యాశాఖను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా