దామెర్ల బొమ్మలకు ఒక పద్దు: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

నేను రాజమహేంద్రవరంలో ముప్పై ఏళ్లు పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పిన డ్రాయింగ్ మాస్టారిని. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలను మన ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు చిత్రశాలకు తీసుకెళ్లేవాణ్ణి. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో పోయిన మనిషి ఇన్ని బొమ్మలు ఎప్పుడు వేశాడని ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు. దానికి నా దగ్గర జవాబు ఉండేది. ఇవి ఇంతకాలం ఎలా నిలిచాయి, ఇకముందు ఎవరు నిలుపుతారు అని ఏ పిల్లా అడగలేదు. ఆ ప్రశ్న మీ ముందు పెట్టడానికే ఈ లేఖ.

రామారావు 1897లో పుట్టి 1925 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఇక్కడి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతిలోని గీతను గుర్తించి ప్రోత్సహిస్తే, బొంబాయిలో జె.జె. చిత్రకళా పాఠశాలలో చదివి తిరిగి గోదావరి ఒడ్డుకే వచ్చారు. తాను నేర్చింది తోటివారికి నేర్పారు. ఆయన పోయాక భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బొమ్మలను చెల్లాచెదురు కానివ్వలేదు. వారు ముగ్గురూ చిత్రకారులే. తమ చేతుల్లో ఉన్నదేమిటో వారికి తెలుసు. అమ్ముకుని ఉంటే ఆ బొమ్మలు ఒక్కొక్కటీ ఒక్కో ధనికుడి గోడ ఎక్కేవి. ఆ తర్వాత చిత్రశాల ప్రభుత్వం చేతికి వచ్చింది. అంటే వారు చేసిన పనిని నిలబెట్టవలసిన బాధ్యత ఇప్పుడు మీది.

నీటిరంగు చిత్రం ఎంత సుకుమారమైనదో చెప్పాలి. వెలుతురు తగిలిన కొద్దీ దాని రంగులు వెలిసిపోతాయి, వెలిసిన రంగు మళ్లీ రాదు. అందుకే కాగితం మీది బొమ్మలకు 50 లక్సుల (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు మించకూడదని సంరక్షకులు లెక్క చెబుతారు. మామూలు కిటికీ పక్కన అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. గోదావరి ఊళ్లలో వానాకాలపు గాలి చెమ్మతో బరువెక్కుతుంది. ఆ చెమ్మ కాగితంలోకి దిగితే బూజు, బూజు వెనకే పురుగు. పటం వెనక చవక అట్ట వేస్తే అందులోని ఆమ్లం కాగితంలోకి పాకి దాన్ని గోధుమరంగుకు తిప్పుతుంది. వీటిలో ఏదీ ఒక్కరోజులో జరగదు, కనుక ఏ ఒక్క బడ్జెట్‌కూ అత్యవసరంగా కనిపించదు. సున్నం వేయించడానికి, రిబ్బను కత్తిరించడానికి డబ్బు దొరుకుతుంది. ఆమ్లం లేని అట్టకు, చెమ్మను కొలిచే పరికరానికి, శిక్షణ ఉన్న సంరక్షకుడి జీతానికి ఏటా ఒక పద్దు ఉండాలని పట్టుబట్టేవారే ఉండరు.

కొనుగోలు మాట ఇంకా బాధాకరం. కొన్నేళ్ల కిందట నాకు తెలిసిన ఒక కుటుంబం అటక మీది పెట్టె దించింది. అందులో రామారావు తరం చిత్రకారుడు ఒకరు వేసిన నీటిరంగు బొమ్మలు, పెన్సిల్ చిత్తు గీతలు. ఆ బొమ్మలు ఊళ్లోనే ఉండాలన్నది వారి కోరిక. కూతురి చదువుకు కొంత సొమ్ము కావాలన్నది వారి అవసరం. ఒక ప్రభుత్వ మ్యూజియం గడప తొక్కాం. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడారు. ఉచితంగా ఇస్తే తీసుకుంటామని, కొనడానికి తమకు పద్దు లేదని చెప్పారు. మూడు నెలల్లో ఒక వ్యాపారి రొక్కం ఇచ్చి ఆ పెట్టెను పట్టుకుపోయాడు. ఆ కుటుంబాన్ని నేను తప్పుపట్టను.

చట్టం ఎంతవరకు కాస్తుందో మీకు తెలుసు. 1972 పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన చిత్రాన్ని పురావస్తువు అంటుంది. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. 2025 నాటికి రామారావు వేసిన ప్రతి బొమ్మకూ వందేళ్లు నిండాయి. అదే చట్టం కింద, వయసుతో పని లేకుండా రక్షణ పొందిన చిత్రకారులు తొమ్మిది మంది. రవివర్మ, నందలాల్ బోస్, అమృతా షేర్‌గిల్ వారిలో ఉన్నారు. తెలుగు చిత్రకారుడు ఒక్కరూ లేరు. అయినా చట్టం సరిహద్దు దగ్గర ఆపగలదు గానీ, బొమ్మను కొని మ్యూజియం గోడకు చేర్చలేదు.

డబ్బు ఎక్కడిదని అడుగుతారు. 1903లో బ్రిటన్‌లో కొందరు చందాలు పోగుచేయడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. మూడేళ్లకే 45,000 పౌండ్లు కూడగట్టి, దేశం దాటిపోబోతున్న స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ చిత్రాన్ని కొని లండన్ నేషనల్ గ్యాలరీకి ఇచ్చారు. ఆ సంఘం ఇప్పటికీ పనిచేస్తోంది. మన దగ్గరా దారులున్నాయి. కేంద్రంలో 1996 నుంచి జాతీయ సంస్కృతి నిధి ఉంది. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు కళాఖండాల పునరుద్ధరణను కంపెనీలు పెట్టవలసిన సామాజిక బాధ్యత ఖర్చుగా ఒప్పుకుంటుంది. 2025లో హాంకాంగ్ వేలానికి వెళ్లిన, ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వా స్తూపంలో దొరికిన బౌద్ధ రత్నాలను కేంద్రం అడ్డుకోగా, గోద్రెజ్ సంస్థ డబ్బు పెట్టడంతో అవి తిరిగి వచ్చాయి. సంతోషమే. కానీ వేలంపాట గుమ్మం దాకా వెళ్లాక పరుగెత్తడం అన్నిసార్లూ కలిసిరాదు. ఒక పల్లె అటక మీది పెట్టె కోసం ఏ కంపెనీ పరుగెత్తుకు రాదు.

అందుకని నేను అడిగేది ఇది. రాష్ట్ర మ్యూజియాలకు మురిగిపోని ఒక నిధి పెట్టండి. ఏడాది చివర మిగిలిన సొమ్ము ఖజానాకు తిరిగిపోకూడదు. ప్రజలు, కంపెనీలు ఇచ్చే ప్రతి రూపాయికీ ప్రభుత్వం మరో రూపాయి కలపాలి. అందులో సగం తప్పనిసరిగా సంరక్షణకే పోవాలి. కొన్నదాన్ని కాపాడలేకపోతే కొనడం ఎందుకు? వెల కట్టే సంఘంలో చిత్రకారులు, సంరక్షకులు ఉండాలి. ఇంటివారు పెట్టె తెచ్చిన ముప్పై రోజుల్లో అవునో కాదో చెప్పాలి. ఏం కొన్నారో, ఎంతకు కొన్నారో బయట పెట్టాలి. చందా పెట్టె ముందు నిలబడమంటే నేనూ, నా పాత విద్యార్థులూ నిలబడతాం. హైదరాబాద్‌లోనూ అమెరికాలోనూ ఉన్న వాళ్లు ఇప్పటికే అడుగుతున్నారు, డబ్బు ఎక్కడికి పంపాలని. వాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఒక ఖాతా నంబరు లేదు.

వచ్చే ఫిబ్రవరిలో రామారావు వర్ధంతికి మీరు పూలమాల వేయడానికి వస్తే, ఆ నిధి ఉత్తర్వు కూడా వెంట తీసుకురండి. మొదటి చందా అక్కడే ఇస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
రాజమహేంద్రవరం