తోతాపురి ధరకూ లెక్కలున్నాయి, మంత్రిగారూ

రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఫైనాన్షియల్ ఇంజనీరింగ్‌లో (ధరల ఒడిదుడుకులనూ, నష్టభయాన్నీ లెక్కగట్టే చదువు) రెండేళ్ల ఎంఎస్సీ పెట్టించమని అడగడానికే ఈ ఉత్తరం. అదేదో అమెరికా చదువు, మనకెందుకు అనుకోకండి. మా ఆవిడా మొదట అదే అంది.

నా దగ్గర చదివిన ఒకబ్బాయి, బంగారుపాళ్యం వైపు వాడు, ఆమధ్య ఇంటికొచ్చి తల వంచుకుని కూర్చున్నాడు. ఫోన్‌లో ఆప్షన్లు (ముందే అనుకున్న ధరకు షేర్లు కొనే లేదా అమ్మే హక్కులు, ఆ హక్కుకు కట్టే ఖరీదే ప్రీమియం) ఆడి, వాళ్ల నాన్న మామిడికాయలమ్మిన డబ్బు పోగొట్టాడు. "ఆ ప్రీమియం అంత ఎందుకుందో ఒక్కసారైనా లెక్క వేశావా?" అన్నాను. "గ్రూపులో కొనమన్నారు సార్" అన్నాడు. ప్రాబబిలిటీలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లాడు! వాడొక్కడే కాదు. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్ (ముందే ఖాయం చేసుకున్న ధరకు తర్వాత కొనే, అమ్మే ఒప్పందాలు), ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీయే లెక్క తీసింది. పోయిన సొమ్ము 1.8 లక్షల కోట్ల పైమాటే.

ఇక వాళ్ల నాన్న సంగతి. 2025లో తోతాపురి ధర ఎలా కూలిందో మీకు నేను చెప్పక్కర్లేదు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది అన్నారు. మంచిదే, కానీ అది కాయ కోతకొచ్చి ధర పడిపోయాక తీసుకున్న నిర్ణయం. అదే మాట పూత దశలోనే, "12కు తగ్గితే ఆ తేడా మేమిస్తాం" అని రైతుకు రాసిచ్చి ఉంటే? అనుకున్న ధరకు అమ్ముకునే హక్కులాంటి దాన్నే పుట్ ఆప్షన్ అంటారు. కొడుకు కొని మునిగిందీ ఆప్షనే, తండ్రికి దొరకనిదీ ఆప్షనే.

అలా రాసిస్తే ఖజానా మీద ఎంత భారం పడొచ్చో ముందే అంచనా కట్టొచ్చు. షేర్ల ఆప్షన్లకు ఆ దారి 1973లోనే బ్లాక్, షోల్స్, మెర్టన్ అనే ఆర్థికవేత్తలు వేశారు. వాళ్ల సమీకరణాన్ని కాస్త అటూ ఇటూ మారిస్తే లెక్కల ఎంఎస్సీ పిల్లలు ఏటా చేసే హీట్ ఈక్వేషనే (వేడి వ్యాపించే తీరును చెప్పే సమీకరణం) వస్తుంది! అయితే మామిడికాయ షేరు కాదు. నిల్వ ఉండదు, కొనేవాళ్లు పట్టుమని కొందరే, రోజూ ఎక్స్ఛేంజీలో ధర పలకదు. అందుకని ఫార్ములా తెచ్చి అతికిస్తే కుదరదు. పాత మార్కెట్ ధరలు, వానలు, దిగుబడి పోగేసి, కంప్యూటర్‌లో వేల రకాల సీజన్లు నడిపి చూడాలి. మదనపల్లె టమాటాకూ ఇంతే. ఈ పనికి మనుషులను తయారుచేసే చదువే నేనడుగుతున్నది.

కొత్త భవనం అక్కర్లేదు. యూనివర్సిటీలో గణితం, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, కంప్యూటర్ సైన్స్ విభాగాలున్నాయి, ఒకచోట కూర్చోబెట్టాలి, అంతే. (అదే కష్టమని నాకూ తెలుసు.) ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, అక్కడి వాళ్ల చేత కొన్ని క్లాసులు చెప్పించవచ్చు.

సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు అని లక్షల ఫీజు మాత్రం పెట్టకండి. గెస్ట్ లెక్చరర్లతో నెట్టుకొచ్చే పనైతే అసలు మొదలుపెట్టొద్దు. ట్రేడింగ్ నేర్పే కోచింగ్ సెంటరూ కాకూడదు. మొదటి సెమిస్టర్‌లోనే 1998 నాటి లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ కథ చెప్పాలి. అంతకు ముందు ఏడాదే నోబెల్ అందుకున్న షోల్స్, మెర్టన్ ఇద్దరూ ఉన్న పెట్టుబడుల ఫండ్ అది, అయినా కుప్పకూలింది. ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు చిత్తూరు మామిడి మీదో, మదనపల్లె టమాటా మీదో ఉండాలి.

ఈసారి తిరుపతి వచ్చినప్పుడు ఆ నాలుగు విభాగాల వాళ్లనూ, నలుగురు మామిడి రైతులనూ ఒక గంట ఎదురెదురుగా కూర్చోబెట్టండి. సిలబస్ ముసాయిదా రాసి ఉంచాను, తీసుకొస్తాను.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక లెక్కల మాస్టారు